హైస్కూల్లో మార్కులు తగ్గాయి, కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి గట్టి ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ ఎలా?

ఫ్రీమాంట్_అమ్మ

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఈ జూన్‌లో హైస్కూల్ పూర్తి చేశాడు. జీపీఏ 2.7. తొమ్మిది, పది తరగతుల్లో పర్వాలేదు, పదకొండులో బాగా పడిపోయాడు, ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ రెండింట్లో డీ గ్రేడ్లు వచ్చాయి. పన్నెండులో కొంత కోలుకున్నాడు, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) స్టాటిస్టిక్స్‌లో 5కి 4 వచ్చింది, వాడికి అదే ఇష్టం కూడా. యూసీలకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకి) ఫ్రెష్‌మన్‌గా, అంటే మొదటి ఏడాదిలో, అడుగుపెట్టడానికే 3.0 కావాలి కాబట్టి అటు వెళ్ళనే లేదు. డి ఆంజా, ఓలోనీ అనే ఇక్కడి రెండేళ్ళ ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో ఒకదాంట్లో చేరి రెండేళ్ళ తర్వాత ట్రాన్స్‌ఫర్ అవుతానంటున్నాడు. మా వారేమో అప్పు చేసైనా సరే వేరే రాష్ట్రంలో ఏదో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేర్పిద్దాం, కమ్యూనిటీ కాలేజీ అంటే నలుగురూ ఏమంటారు అంటున్నారు. నాకు రెండు విషయాలు తెలియాలి. ఈ హైస్కూల్ మార్కులు వాడి వెంట ఎంత దూరం వస్తాయి? ట్రాన్స్‌ఫర్ అప్లికేషన్ గట్టిగా ఉండాలంటే మొదటి రోజు నుంచి ఏం చెయ్యాలి? దయచేసి తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

ట్రాన్స్‌ఫర్_తమ్ముడు

ఆంటీ, నేను డి ఆంజా నుంచి యూసీకి వెళ్ళినవాణ్ణే, నా హైస్కూల్ మార్కులూ ఇంచుమించు ఇలాంటివే. ముందు మీ మొదటి ప్రశ్న. కమ్యూనిటీ కాలేజీలో 60 సెమిస్టర్ యూనిట్లు, అంటే డి ఆంజా లాంటి క్వార్టర్ కాలేజీలో (ఏడాదికి రెండు సెమిస్టర్లకి బదులు మూడు చిన్న టర్మ్‌లు ఉండేది) 90 యూనిట్లు, పూర్తి చేసి జూనియర్‌గా, అంటే మూడో ఏడాదిలోకి, వెళ్ళేవాళ్ళని యూసీ చూసేది కాలేజీలో తీసుకున్న ట్రాన్స్‌ఫరబుల్ కోర్సుల మార్కులే. హైస్కూల్ జీపీఏ ఆ లెక్కలోకి రాదు, ఎస్ఏటీ అడగరు, రికమండేషన్ లెటర్లు కూడా మామూలుగా అడగరు. ఆల్జీబ్రా 2 లో వచ్చిన డీ అక్కడికి రాదు. వాడి ఏపీ స్టాట్స్ 4 మాత్రం వస్తుంది, 3 ఆ పైన వచ్చిన ఏపీ స్కోర్లకి యూనిట్లు ఇస్తారు, కాకపోతే జీపీఏలో కలవవు.

ఒక్కటి జాగ్రత్తగా అడగండి. హైస్కూల్లో ఉండగా డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అని ఏ కమ్యూనిటీ కాలేజీలోనైనా క్లాసు తీసుకున్నాడా? తీసుకుంటే అది కాలేజీ రికార్డే. అందులో డీ ఉన్నా, సీ ఉన్నా, మధ్యలో మానేసి డబ్ల్యూ పడినా, అప్లికేషన్లో చూపించాల్సిందే. చాలామంది పిల్లలు దాన్ని హైస్కూల్ లెక్కలో వేసుకుని మర్చిపోతారు, తర్వాత ట్రాన్స్క్రిప్ట్ తెప్పించుకున్నప్పుడు తేడా కనిపిస్తే ఇచ్చిన అడ్మిషన్ తీసేసే హక్కు వాళ్ళకి ఉంది.

రెండో ప్రశ్నకి రాత్రి రాస్తాను, ఇప్పుడు పనిలో ఉన్నాను.

ఫ్రీమాంట్_అమ్మ

చాలా థాంక్స్ నాన్నా. పదో తరగతి సమ్మర్లో ఓలోనీలో ఏదో ఆర్ట్ క్లాసు తీసుకున్నాడు, బీ వచ్చిందనుకుంటా, కనుక్కుంటాను.

తెనాలి_అబ్బాయి

అమ్మా, మీ వారి ఆలోచనలో కూడా కొంత న్యాయం ఉంది. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు ట్రాన్స్‌ఫర్లని తీసుకుంటాయి. యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) ఏటా వెయ్యికి పైగా తీసుకుంటుంది, వాళ్ళలో సగం దాకా కమ్యూనిటీ కాలేజీల నుంచి వచ్చినవాళ్ళే. కార్నెల్ కూడా బాగానే తీసుకుంటుంది. ఏడాది ఎక్కడైనా గట్టిగా చదివి మార్చిలో అప్లై చేస్తే రెండో ఏడాదికే వెళ్ళిపోవచ్చు కదా, రెండేళ్ళు ఎందుకు ఆగాలి?

ట్రాన్స్‌ఫర్_తమ్ముడు

అన్నా, మార్కులు తగ్గిన పిల్లలకి ఈ ఏడాదిలో దూకడమే ఇబ్బంది. ప్రైవేటువాళ్ళు ట్రాన్స్‌ఫర్‌కి కూడా హైస్కూల్ ట్రాన్స్క్రిప్ట్ అడుగుతారు. ఏడాది తర్వాత అప్లై చేస్తే, వాళ్ళు ఫైలు చదివే సమయానికి చేతిలో ఉండేది ఒక్క ఫాల్ సెమిస్టర్ మార్కులు, దాని పక్కన నాలుగేళ్ళ హైస్కూల్. నాలుగైదు ఏ గ్రేడ్లు నాలుగేళ్ళ కథని మార్చలేవు. రెండేళ్ళ తర్వాత వెళ్తే కాలేజీ రికార్డు బరువు పెరుగుతుంది, హైస్కూల్ది తగ్గుతుంది. కామన్ యాప్‌లో (చాలా యూనివర్సిటీలకి ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్) ట్రాన్స్‌ఫర్‌కి ఉన్న కాగితాలు కూడా వేరు. కాలేజీ రిజిస్ట్రార్ దగ్గర సంతకం పెట్టించే కాలేజ్ రిపోర్ట్, ప్రస్తుతం చదువుతున్న క్లాసుల్లో ఎలా ఉన్నాడో చెప్పే మిడ్ టర్మ్ రిపోర్ట్, కొన్ని చోట్ల ప్రొఫెసర్ల లెటర్లు. సెప్టెంబర్లో చేరిన పిల్లాడిని జనవరికల్లా ఏ ప్రొఫెసర్ అంత బాగా ఎరిగి ఉంటాడు?

యూఎస్‌సీకి అప్లై చెయ్యొద్దని కాదు. రెండో ఏడాదిలో యూసీతో పాటు చెయ్యొచ్చు.

శాన్‌రమోన్_నాన్న

మా పాప డీవీసీ (డయాబ్లో వ్యాలీ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీ) నుంచి యూసీ డేవిస్‌కి వెళ్ళింది, ఆ అనుభవంతో చెప్తున్నాను. ఫ్రీమాంట్ అమ్మ గారూ, మీ వారితో ముందు డబ్బు లెక్క మాట్లాడండి. కాలిఫోర్నియా నివాసులకి కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు. 60 యూనిట్లకి 2,760. పుస్తకాలు, పార్కింగ్, చిల్లర ఫీజులు కలుపుకున్నా వేరే రాష్ట్రం ప్రైవేటు యూనివర్సిటీలో ఒక్క నెల ఖర్చుకి దగ్గరగా ఉంటుంది. మొదటిసారి ఫుల్ టైమ్‌గా చేరిన పిల్లలకి ప్రామిస్ ప్రోగ్రాం కింద చాలా కాలేజీల్లో మొదటి రెండేళ్ళు ఆ ఫీజు కూడా లేదు. తర్వాత యూసీలో ఏడాదికి ట్యూషన్ దాదాపు 15 వేలు, రెండేళ్ళే కట్టాలి. చివర్లో చేతికొచ్చే డిగ్రీ మీద యూసీ పేరే ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాడో దాని మీద రాయరు.

మన దగ్గర పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్ళు మీ వారికి కచ్చితంగా తెలిసే ఉంటారు. వాళ్ళలో ఎంతమంది ఇక్కడ పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారో ఆయన్నే చెప్పమనండి. ఇదీ అలాంటి దారే, ప్రభుత్వం కావాలని వేసిన దారి. యూసీ ప్రతి ఇద్దరు ఫ్రెష్‌మెన్‌కి ఒక ట్రాన్స్‌ఫర్‌ని తీసుకోవాలని లక్ష్యం పెట్టుకుంది, అందులో కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ పిల్లలకే మొదటి ప్రాధాన్యం.

ట్రాన్స్‌ఫర్_తమ్ముడు

ఇప్పుడు రెండో ప్రశ్న ఆంటీ. కొంచెం పొడుగవుతుంది.

రెండేళ్ళ ప్లాన్ అంటారు గానీ అప్లికేషన్ పంపేది రెండో ఏడాది మొదట్లోనే. యూసీ అప్లికేషన్ అక్టోబర్ 1 నుంచి నవంబర్ 30 మధ్య సబ్మిట్ చెయ్యాలి, ఆగస్టు నుంచే నింపడం మొదలుపెట్టొచ్చు. అంటే ఈ సెప్టెంబర్లో చేరితే, వచ్చే ఏడాది నవంబర్లో పంపే సమయానికి చూపించడానికి ఉన్నవి మొదటి ఏడాది మార్కులు మాత్రమే, ఇంకా సమ్మర్ ఏమైనా చేస్తే అవి. రెండో ఏడాది ఫాల్ మార్కులు జనవరిలో అప్‌డేట్ చేస్తాం. కాబట్టి మొదటి క్వార్టర్ అలవాటు పడదాంలే అనుకునే వీలు లేదు. మొదటి ఏడాదే అప్లికేషన్. ఇది ముందే తెలిసిన పిల్లలకీ, రెండో ఏడాది అక్టోబర్లో తెలిసిన పిల్లలకీ చాలా తేడా ఉంటుంది.

రెండోది, అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్. క్లాసులు రిజిస్టర్ చేసుకునే ముందే దాన్ని చూడాలి. అందులో డి ఆంజా, యూసీ డేవిస్, స్టాటిస్టిక్స్ అని ఎంచుకుంటే, డేవిస్‌లో ఆ మేజర్‌కి ముందే చెయ్యాల్సిన ఏ కోర్సుకి డి ఆంజాలో ఏ కోర్సు సరిపోతుందో పక్కపక్కన చూపిస్తుంది. ఐదారు క్యాంపస్‌లకి ఇలా తీసి, అన్నింట్లో ఉమ్మడిగా వచ్చే కోర్సులు ముందు పెట్టుకోవాలి. కాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ఏదో ఒక ప్రోగ్రామింగ్, ఇలా తేలతాయి. జనరల్ ఎడ్యుకేషన్ ప్యాటర్న్ (మేజర్‌తో సంబంధం లేకుండా అందరూ చేసే కోర్సుల పట్టిక) అంతా పూర్తి చెయ్యాలని కౌన్సెలర్లు చెప్తారు, అది మంచిదే, కానీ లెక్కలు ఎక్కువున్న మేజర్లకి యూసీ ముందు చూసేది మేజర్ కోర్సులు అయ్యాయా, అందులో ఏం వచ్చింది అనే. ఇంగ్లీష్ కాంపోజిషన్ రెండు కోర్సులు, ట్రాన్స్‌ఫరబుల్ మ్యాథ్ ఒకటి అందరికీ తప్పనిసరి, అవి ముందే లాగించెయ్యాలి. వెళ్ళే ముందు స్ప్రింగ్‌లోపు అయిపోవాలి, ఆ తర్వాత వచ్చే సమ్మర్లో చేస్తానంటే మామూలుగా ఒప్పుకోరు.

మూడోది టాగ్, అంటే ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు క్యాంపస్‌లలో ఏదో ఒక్కదానికి, వాళ్ళు చెప్పిన జీపీఏ, కోర్సులు ఉంటే సీటు ముందే గ్యారంటీ. సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు వేరే ఫారం నింపాలి, తర్వాత నవంబర్లో మామూలు అప్లికేషన్ కూడా పంపాలి. బర్క్లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగోలకి టాగ్ లేదు. మిగతా ఆరింటిలో కూడా కొన్ని మేజర్లకి ఉండదు, కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ లాంటివి ఎక్కువగా అందులో పడతాయి. కావాల్సిన జీపీఏ క్యాంపస్‌ని బట్టీ, మేజర్‌ని బట్టీ మారుతుంది, ప్రతి ఏడాదీ కొత్త పట్టిక వస్తుంది, పాత పట్టిక నమ్మొద్దు.

లెక్కల_టీచరమ్మ

నేను బే ఏరియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెప్తాను. తమ్ముడు చెప్పినదంతా సరే, నేను క్లాసులో రోజూ చూసేది కొంచెం చెప్తాను.

2017లో ఏబీ 705 అనే చట్టం వచ్చాక రిమీడియల్ (వెనకబడినవాళ్ళకి పాత పాఠాలు మళ్ళీ చెప్పే) లెక్కల క్లాసులు దాదాపు పోయాయి. ఇప్పుడు హైస్కూల్లో తక్కువ మార్కులు వచ్చిన పిల్లలు కూడా నేరుగా ట్రాన్స్‌ఫర్ లెవెల్ క్లాసులో కూర్చుంటారు, పక్కన ఒక సపోర్ట్ క్లాసు ఇస్తారు. సైన్స్, ఇంజినీరింగ్ వైపు వెళ్ళేవాళ్ళని వీలైనంత త్వరగా కాల్క్యులస్‌లోకి తేవాలని 2022లో ఏబీ 1705 వచ్చింది. ఇది చాలామంది పిల్లలకి మేలు చేసింది, రెండేళ్ళు ఆల్జీబ్రాలోనే ఇరుక్కుపోయేవాళ్ళు తగ్గారు. కానీ ఆల్జీబ్రా 2 లో డీ వచ్చిన పిల్లవాడికి భిన్నాలు, ఎక్స్‌పోనెంట్లు, లాగరిథమ్‌లు చేతిలో ఆడకపోతే కాల్క్యులస్ మూడో వారంలో తెలిసిపోతుంది. లిమిట్ అర్థమవుతుంది, డెరివేటివ్ అర్థమవుతుంది, ఆ తర్వాత సింప్లిఫై చెయ్యడంలో పడిపోతారు. డి ఆంజా సెప్టెంబర్ చివర్లో మొదలవుతుంది, మీకు రెండు నెలలకి పైగా ఉంది. ఈ రెండు నెలలు రోజూ గంటసేపు పాత ఆల్జీబ్రా, ట్రిగొనామెట్రీ కూర్చుని చేస్తే ఆ ఏడాది మొత్తం మారుతుంది. ఏపీ స్టాట్స్‌లో 4 తెచ్చుకున్న పిల్లాడికి బుర్ర లేక కాదు మార్కులు తగ్గింది, నాకు ఆ నమ్మకం ఉంది.

ఇంకోటి. క్వార్టర్ కాలేజీ వేగం వేరు. పన్నెండు వారాల్లో ఫైనల్స్‌తో సహా అయిపోతుంది, ఒక వారం జబ్బు పడితే తేరుకోవడానికి టైమ్ ఉండదు. సెమిస్టర్ కాలేజీ కొంచెం నిదానం. కిందపడి లేచే పిల్లలకి సెమిస్టరే నయమని నా అభిప్రాయం, డి ఆంజా పేరు చూసి వెళ్ళొద్దు.

శాన్‌రమోన్_నాన్న

టీచరమ్మ గారు, క్వార్టర్, సెమిస్టర్ కలిపి చదవచ్చా? అంటే కొన్ని ఓలోనీలో, కొన్ని డి ఆంజాలో? మా బంధువుల అబ్బాయి ఒకడు అలా చేసి ఇబ్బంది పడ్డాడు.

లెక్కల_టీచరమ్మ

విడి కోర్సులు, హిస్టరీ, సైకాలజీ లాంటివి ఎక్కడ దొరికితే అక్కడ తీసుకోవచ్చు అండి. వరుసగా ఉండే సిరీస్‌లు, కాల్క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, వీటిని మాత్రం మొదలుపెట్టిన కాలేజీలోనే పూర్తి చెయ్యాలి. క్వార్టర్ కాలేజీలో మూడు కోర్సుల్లో చెప్పేది సెమిస్టర్ కాలేజీలో రెండింట్లో చెప్తారు, మధ్యలో మారితే ఒక అధ్యాయం రెండుసార్లు వస్తుంది, ఇంకోటి అసలు రాదు. అసిస్ట్‌లో కూడా ఆ సిరీస్ మొత్తం కలిపి ఒకటిగా చూపిస్తారు, సగం ఇక్కడ సగం అక్కడ ఉంటే సరిపోలింది అనకపోవచ్చు.

ప్లానో_వరంగల్

కాలిఫోర్నియా గురించే అందరూ చెప్తున్నారు, టెక్సాస్ వాళ్ళ కోసం నాలుగు మాటలు. ఇక్కడ 42 గంటల (క్రెడిట్ అవర్స్, అంటే యూనిట్లే) కోర్ కరిక్యులం అని రాష్ట్రం మొత్తానికి ఒకటే ఉంది, కాలిన్ కాలేజీలో గానీ డల్లాస్ కాలేజీలో గానీ అది మొత్తం పూర్తి చేస్తే ఏ రాష్ట్ర యూనివర్సిటీ అయినా ఒప్పుకోవాలి. యూటీ ఆస్టిన్‌కి ట్రాన్స్‌ఫర్ అప్లై చెయ్యాలంటే కనీసం 24 గంటలు అయ్యుండాలి, ఫాల్‌కి గడువు మార్చి 1. ఫ్రిస్కో, ప్లానో పిల్లలు చాలామంది కాలిన్ నుంచి రిచర్డ్‌సన్‌లో ఉన్న యూటీ డల్లాస్‌కి వెళ్తున్నారు, ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు.

మార్కులు తగ్గుతాయనిపిస్తే క్లాసు డ్రాప్ చేసేద్దాం అనే అలవాటు మన పిల్లలకి ఉంటుంది. టెక్సాస్‌లో 2007 ఫాల్ నుంచి చేరినవాళ్ళకి ప్రభుత్వ కాలేజీలన్నీ కలిపి మొత్తం ఆరు డ్రాప్‌లే ఇస్తారు. కమ్యూనిటీ కాలేజీలోనే నాలుగు వాడేస్తే యూనివర్సిటీలో మిగిలిన చదువు మొత్తానికీ రెండే మిగులుతాయి. చేరే ముందే ఇది పిల్లలకి చెప్పాలె.

ఎడిసన్_గుంటూరు

న్యూజెర్సీలో లాంపిట్ లా అని ఉంది. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ఏఏ గానీ ఏఎస్ గానీ అనే రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ పూర్తి చేసి వెళ్తే రట్గర్స్ లాంటి రాష్ట్ర యూనివర్సిటీ మొదటి రెండేళ్ళ క్రెడిట్లు ఒప్పుకోవాలి. ఉద్యోగ శిక్షణ వైపు ఉండే ఏఏఎస్ డిగ్రీకి ఇది వర్తించదు, పేరు ఒక్క అక్షరమే తేడా కాబట్టి చేరేటప్పుడే చూసుకోండి. క్రెడిట్లు ఒప్పుకోవడం వేరు, మీరు అడిగిన మేజర్‌లో సీటు ఇవ్వడం వేరు, సీటుకి మళ్ళీ పోటీ ఉంటుంది.

ఫ్రీమాంట్_అమ్మ

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చేతులెత్తి నమస్కారం. మా వారికి చూపించాను, లెక్కలు చూసి మెత్తబడ్డారు. కానీ ఆయన మాట ఇంకోటి ఉంది, వెళ్తే కంప్యూటర్ సైన్స్‌కే వెళ్ళాలి, స్టాటిస్టిక్స్ చదివి ఏం చేస్తాడు అని. ముందు స్టాటిస్టిక్స్‌లో చేరి లోపలికెళ్ళాక కంప్యూటర్ సైన్స్‌కి మారొచ్చా?

ఇంకో మాట. వాడి కాలేజీ పోర్టల్ పాస్‌వర్డ్ నా దగ్గర ఉంచుకుని మార్కులు వారం వారం చూసుకుందామనుకుంటున్నాను.

ట్రాన్స్‌ఫర్_తమ్ముడు

ఆంటీ, లోపలికెళ్ళాక మారదాం అనే ప్లాన్‌తో మాత్రం వెళ్ళొద్దు. యూసీల్లో కంప్యూటర్ సైన్స్‌కి లోపలి నుంచి మారడం చాలా కష్టం, కొన్ని చోట్ల దాదాపు కుదరదు. ట్రాన్స్‌ఫర్‌గా వెళ్ళిన పిల్లలకి చేతిలో ఉండేది రెండేళ్ళే. స్టాటిస్టిక్స్ అంటే ఇష్టం ఉన్నవాడు, అందులో ప్రోగ్రామింగ్ కోర్సులు కూడా చేస్తూ, టాగ్‌తో ఒక సీటు చేతిలో పెట్టుకుని, బర్క్లీకీ యూసీఎల్ఏకీ కూడా దానికే అప్లై చేస్తే అవకాశం నిజంగా ఉంటుంది. యూసీఎల్ఏకి టాప్ (ట్రాన్స్‌ఫర్ అలయన్స్ ప్రోగ్రాం) అని ఒకటి ఉంది, అందులో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో ఆనర్స్ పూర్తి చేస్తే లెటర్స్ అండ్ సైన్స్ మేజర్లకి ప్రత్యేకంగా చూస్తారు, ఇంజినీరింగ్‌కి మాత్రం లేదు. ఇష్టం లేని మేజర్‌లో వచ్చిన సీ మార్కులు ఆ మేజర్‌కీ పనికిరావు, వేరేదానికీ పనికిరావు. అంకుల్‌కి ఇది గట్టిగానే చెప్పండి.

లెక్కల_టీచరమ్మ

పాస్‌వర్డ్ సంగతి నేను చెప్తాను. కాలేజీలో చేరాక, వయసు 18 నిండకపోయినా సరే, రికార్డుల మీద హక్కు విద్యార్థిది. ఫెర్పా అనే ఫెడరల్ చట్టం. తల్లిదండ్రులు నాకు ఫోన్ చేసి మా వాడు ఎలా చదువుతున్నాడు అంటే వాడి రాతపూర్వక అనుమతి లేకుండా నేను ఏమీ చెప్పలేను. మీరు పాస్‌వర్డ్ తీసుకుంటే వాడు మార్కులు దాచడు, సమస్య దాస్తాడు. పదకొండో తరగతిలో ఎందుకు పడిపోయాడో అసలు మీకు తెలుసా అమ్మా? తప్పు పట్టి అడగడం లేదు, అప్లికేషన్‌కి కూడా అదే ముఖ్యం.

ఫ్రీమాంట్_అమ్మ

ఆ ఏడాది మా అత్తగారు పోయారు, మా వారు రెండు నెలలు విజయవాడలోనే ఉన్నారు, ఇక్కడ నేనూ ఉద్యోగం, ఇంట్లో వాతావరణం బాలేదు. వాడు రాత్రి మూడింటి వరకు మేలుకునేవాడు. పన్నెండో తరగతిలో డాక్టర్ ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవని సమస్య) అని చెప్పారు. స్కూల్లో 504 ప్లాన్ అని ఇలాంటి పిల్లలకి చేసే ప్రత్యేక ఏర్పాటు ఇచ్చారు, పరీక్షలకి ఎక్కువ టైమ్ ఇచ్చేవారు, అప్పుడే కొంచెం లేచాడు. బయట ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ పేరు లేదు కాబట్టి చెప్తున్నాను.

లెక్కల_టీచరమ్మ

చెప్పినందుకు మంచిదైంది. హైస్కూల్ 504 ప్లాన్ కాలేజీకి దానంతట అది రాదు. కాలేజీలో ఇలాంటి ఇబ్బందులున్న విద్యార్థులకి సాయం చేసే డీఎస్‌పీఎస్ ఆఫీసు ఉంటుంది, అక్కడికి వాడే వెళ్ళి, డాక్టర్ కాగితాలు ఇచ్చి, కొత్తగా ఏర్పాటు అడగాలి. ప్రతి టర్మ్ మొదట్లో ఆ లెటర్ ప్రొఫెసర్లకి వెళ్ళాలి. ఆ లెటర్లో జబ్బు పేరు ఉండదు, ఎంత టైమ్ ఎక్కువ ఇవ్వాలో అంతే ఉంటుంది. ట్రాన్స్క్రిప్ట్ మీద రాయరు, యూసీకి తెలియదు. నా క్లాసుల్లో మన పిల్లలు రెండో మిడ్ టర్మ్ పోయాక వస్తారు ఈ లెటర్ పట్టుకుని, అప్పటికే చేతులు కాలిపోయి ఉంటాయి. వెనక్కి తిరిగి పాత పరీక్షకి టైమ్ ఇవ్వలేం. ఆగస్టులోనే వెళ్ళమనండి, అక్కడ రిజిస్టర్ అయినవాళ్ళకి క్లాసులు ఎంచుకునే తేదీ కూడా ముందు వస్తుంది, కాల్క్యులస్ సెక్షన్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి అదీ లాభమే.

హెచ్4_తల్లి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా), అమ్మాయికి ఇప్పుడు పంతొమ్మిది. ట్రాన్స్‌ఫర్ అయ్యేలోపు 21 వస్తుంది. గ్రీన్‌కార్డ్ క్యూ సంగతి మీకు తెలిసిందే. ఏం చెయ్యాలి?

శాన్‌రమోన్_నాన్న

చెల్లెమ్మా, 21 నిండితే హెచ్-4 ఉండదు. అప్పటికి వేరే స్టేటస్, ఎక్కువమందికి ఎఫ్-1 స్టూడెంట్ వీసా, ఉండాలి. అది మార్చుకోవడానికి నెలలు పడుతుంది కాబట్టి చివరి పుట్టినరోజు దాకా ఆగొద్దు, లాయర్‌తో ఇప్పుడే మాట్లాడండి, పిల్లల వయసు లెక్కించే సీఎస్‌పీఏ మీకు వర్తిస్తుందేమో కూడా ఆయనే చూస్తారు. ఫెడరల్ ఎయిడ్ హెచ్-4కీ రాదు, ఎఫ్-1కీ రాదు. ఎఫ్-1కి మారితే ఫీజు కేటగిరీ కూడా మారొచ్చు, అదే పెద్ద ఖర్చు. అందుకని ఏ క్యాంపస్‌కి అప్లై చేసినా రెసిడెన్సీ ఆఫీసుకి (రాష్ట్ర నివాసి ఫీజు వర్తిస్తుందో లేదో తేల్చేది) ఈమెయిల్‌లో రాసి అడిగి, జవాబు రాతపూర్వకంగా దాచుకోండి. ఎవరో చెప్పారని నమ్మొద్దు, మా అన్నయ్య కూతురి విషయంలో ఒక కాలేజీ కౌంటర్‌లో నోటిమాటగా చెప్పింది తర్వాత తప్పని తేలింది.

హెచ్4_తల్లి

సరే అన్నయ్య గారూ, రేపే లాయర్‌కి ఫోన్ చేస్తాను.

ఫ్రీమాంట్_అమ్మ

ఎస్సేలు ఎలా రాయాలి? ఈ ఏడీహెచ్‌డీ, మా అత్తగారి సంగతి రాయాలా వద్దా?

ట్రాన్స్‌ఫర్_తమ్ముడు

యూసీకి ఎస్సే అంటే నాలుగు చిన్న జవాబులు ఆంటీ, ఒక్కోటి 350 పదాలు దాటకూడదు. ట్రాన్స్‌ఫర్ వాళ్ళకి ఒకటి తప్పనిసరి, మీరు ఎంచుకున్న మేజర్‌కి ఎలా తయారయ్యారు, పై క్లాసులు చదవగలరా అని. మిగతా ఏడింట్లో మూడు ఎంచుకోవాలి. ఆ తప్పనిసరి జవాబే ట్రాన్స్‌ఫర్ పిల్లలకి ప్రాణం. అందులో నాకు చిన్నప్పటి నుంచి అంకెలంటే ఇష్టం అని రాస్తే ఏం లాభం లేదు. ఏ క్లాసులో ఏ ప్రాజెక్టు చేశాడు, ఏ డేటా తీసుకున్నాడు, ఎక్కడ ఆగిపోయాడు, ట్యూటరింగ్ సెంటర్లో పని చేస్తే అక్కడ ఇతరులకి చెప్తూ తనకి ఏం కొత్తగా తెలిసింది, ఇవి రాయాలి. అందుకే మొదటి ఏడాది నుంచే అలాంటి పనులు ఉండాలి. స్టాట్స్‌లో ఏ తెచ్చుకుంటే అదే కాలేజీలో ట్యూటర్‌గా చేరొచ్చు, డబ్బూ ఇస్తారు.

హైస్కూల్ కష్టాల గురించి యూసీకి ఎక్కువ చెప్పాల్సిన పనే లేదు, వాళ్ళు ఆ మార్కులు చూడటం లేదు కదా. రాయాలనిపిస్తే, చదువుకి వచ్చిన అడ్డంకి గురించి అడిగే ప్రశ్న ఒకటి ఉంది, అందులో రెండు మూడు వాక్యాల్లో ఏం జరిగిందో చెప్పి, మిగతా అంతా ఇప్పుడు ఎలా చదువుతున్నాడో రాయాలి. ప్రైవేటు యూనివర్సిటీకి అప్లై చేస్తే మాత్రం వాళ్ళు హైస్కూల్ చూస్తారు కాబట్టి, అడిషనల్ ఇన్ఫర్మేషన్ అనే చోట సూటిగా, సాకులా కాకుండా రాయొచ్చు. ఏడీహెచ్‌డీ పేరు రాయాలా వద్దా అనేది వాడి ఇష్టం, వాడి సొంత విషయం. మీరు రాయమనీ వద్దనీ అనకండి.

తెనాలి_అబ్బాయి

తమ్ముడి మాట ఒప్పుకుంటున్నాను, ఏడాదిలో వెళ్ళే దారి వీళ్ళ అబ్బాయికి సరిపడదు. ఒక్క సందేహం. కమ్యూనిటీ కాలేజీలో డీ వస్తే అంతా అయిపోయినట్టేనా?

లెక్కల_టీచరమ్మ

కాదు అండి. సీ మైనస్ గానీ దాని కింద గానీ వస్తే ఆ కోర్సు మళ్ళీ చెయ్యొచ్చు, యూసీ కొత్త మార్కే జీపీఏలో తీసుకుంటుంది. సీ వస్తే మాత్రం మళ్ళీ చెయ్యడం కుదరదు, అది ఉండిపోతుంది. అందుకే సీ వచ్చేలా ఉన్నప్పుడు గడువు లోపు డబ్ల్యూ తీసుకోవడమా, కష్టపడి బీ లాగడమా అని పిల్లలు నా దగ్గరికి వస్తారు. ఒక డబ్ల్యూ ఎవరినీ భయపెట్టదు, మేజర్ కోర్సుల్లో వరుసగా పడితే చదివేవాళ్ళకి అనుమానం వస్తుంది. ఎప్పుడో పడిన పాత డీ, ఎఫ్‌లని లెక్కలోంచి తీసే అకడమిక్ రెన్యూవల్ అనేది కూడా కాలేజీల్లో ఉంది, నియమాలు ఒక్కో కాలేజీకి ఒక్కో రకం.

ఇంకా అవసరమైతే మూడేళ్ళు తీసుకోండి. కమ్యూనిటీ కాలేజీలో మూడేళ్ళు ఉన్నాడని యూసీ మార్కులు తగ్గించదు. రెండేళ్ళలో అయిపోవాలనే టెన్షన్‌తో ఒకే టర్మ్‌లో కాల్క్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ పెట్టుకుని మూడింట్లో సీలు తెచ్చుకున్న పిల్లల్ని ప్రతి ఏడాదీ చూస్తున్నాను, నాకు నిజంగా బాధేస్తుంది. మీ అబ్బాయికి మొదటి టర్మ్‌లో ఒక లెక్కల క్లాసు, ఇంగ్లీష్, ఇంకొక తేలిక క్లాసు చాలు. ఫుల్ టైమ్‌కి 12 యూనిట్లు సరిపోతాయి. మొదటి టర్మ్ అన్నీ ఏలు వస్తే తర్వాత పెంచుకోవచ్చు.

ఫ్రీమాంట్_అమ్మ

వాడితో కూర్చుని ఈ పేజీ మొత్తం చదివించాను. ఓలోనీకే వెళ్తానన్నాడు, సెమిస్టర్ కాబట్టి. అంటే ఆగస్టు చివర్లోనే మొదలు, టైమ్ తక్కువ ఉంది. రేపు డీఎస్‌పీఎస్‌కి వాడే ఈమెయిల్ రాస్తున్నాడు, పాస్‌వర్డ్ నేను అడగను. వాడి ప్రశ్న ఒకటి ఉంది, అలాగే రాస్తున్నాను: "నవంబర్లో అప్లికేషన్ పంపాక ఫాల్‌లో ఒక బీ మైనస్ వస్తే వాళ్ళకి ఎలా తెలుస్తుంది, చెప్పకపోతే ఏమవుతుంది?"

ట్రాన్స్‌ఫర్_తమ్ముడు

తమ్ముడూ, నవంబర్లో ఆ క్లాసుని ఇన్ ప్రోగ్రెస్ అని పెడతావు. జనవరిలో ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ అని ఈమెయిల్ వస్తుంది, నెలాఖరులోపు ఫాల్ మార్కులు, స్ప్రింగ్‌లో తీసుకుంటున్న క్లాసులు అందులో నింపాలి. స్పామ్ ఫోల్డర్ కూడా చూసుకో. అది నింపని అప్లికేషన్‌ని కొన్ని క్యాంపస్‌లు ముందుకి తీసుకెళ్ళవు. ఒక బీ మైనస్‌తో ఏమీ కాదు, దాచితే అవుతుంది, ఎందుకంటే సీటు వచ్చాక ప్రతి కాలేజీ నుంచీ అఫీషియల్ ట్రాన్స్క్రిప్ట్ వెళ్తుంది. నువ్వు పదో తరగతిలో తీసుకున్న ఆ ఆర్ట్ క్లాసు కూడా అందులో ఉంటుంది, అది ఓలోనీదే కాబట్టి నీకు వేరే ట్రాన్స్క్రిప్ట్ పని తగ్గింది. ఫలితాలు ఏప్రిల్ చివరిలోపు వస్తాయి, ఒప్పుకోవడానికి జూన్ 1 గడువు. ఆ తర్వాత కూడా స్ప్రింగ్ మార్కులు పడిపోకుండా చూసుకోవాలి, అడ్మిషన్ కాంట్రాక్ట్‌లో ఎంత రావాలో రాసి ఉంటుంది.

అసిస్ట్‌లో ఓలోనీ నుంచి డేవిస్, శాంటా బార్బరా, యూసీఎల్ఏ స్టాటిస్టిక్స్ తీసి ఇక్కడ పెట్టు, మొదటి టర్మ్ క్లాసులు నీతో కలిసి చూస్తాను.